తెలిసే చేసిన

పెద్దమ్మ పోయిందని గద్వాల నుంచి ఫోన్ చేసినోడు "పాపం" అన్నడు. నాకు ఒళ్లు మండింది. ఇంకెవలనన్న పాపం అనుకో, ఆమెను మాత్రం అనకు అని ఫోన్లనే అరిచిన. వాడు బిత్తరపోయి పెట్టేసిండు. వరుసకు తమ్ముడైతడు, మంచోడే, వాని తప్పేం లేదు. పోయినోళ్లందరినీ పాపం అంటరు. కాని బతికున్నన్ని రోజులు ఒక్కనితోని ఆ మాట అనిపిచ్చుకోని మనిషిని, కండ్లు మూసినంక అంటె నాకెట్ల ఓర్సుకుంటది? ఆఖరికి దవాఖానల కూడ డాక్టరుతోని కొట్లాడిందంట. "నా బీపీ నాకు చెప్పకుంట నా మొగనికి చెప్తవేంది" అని.

ఆమె పేరు నేను రాయను. ఒక కాగితం మీద పేరు పెట్టినందుకు ఎంత కొట్లాట కొట్లాడిందో నాకు తెలుసు. మళ్ల ఇంకో కాగితం మీదికి ఎక్కిస్తె ఊకునే మనిషి కాదు. నాకు రక్తసంబంధం ఏం కాదు. గద్వాలల మా ఇంటికి మూడిండ్ల అవుతల ఉండేది. మా అమ్మ ఆమెను అక్కా అని పిలిచేది, అందుకని నేను పెద్దమ్మా అన్న. మనసు మంచిగున్నప్పుడు నన్ను బిడ్డా అనేది, కోపమొస్తె "ఏమయ్యా పాలసీ" అనేది. అప్పట్ల నేను వనపర్తిల ఉండి ఇన్సూరెన్సు ఏజెంటు పని చేసేటోన్ని.

వాళ్లింట్ల రెండు మగ్గాలు. పెదనాయన మగ్గం గుంతల కూసున్నడంటె లేచేదాక నోరు తెరవడు. ఆయన మాట్లాడని మాటలన్నీ కూడ ఈమెనే మాట్లాడేది. మాట్లాడుకుంటనే కండెలు చుట్టేది. మగ్గం మీద అటిటు ఉరికే నాడెల పెట్టే పోగును రాట్నం తిప్పుకుంట చిన్న చిన్న పుల్లలకు చుట్టుడన్నట్టు. ఇంటికి చుట్టమొచ్చినా, పోలీసొచ్చినా, ఆమె కుడిచెయ్యి రాట్నం మీదనే ఉండేది. చేతులు ఊకుంటె నాకు లేనిపోని కోపమొస్తది అనేది. చేతులు ఆడుతున్నప్పుడు కోపం తక్కువ ఉండేదా అంటె, అట్లేం లేదు.

యాభై ఏండ్లు దాటినంక కారు నేర్చుకున్నది. ఎందుకంటె, ఒకనాడు బస్సుల కండక్టరు చీరెల మూట పైన టాపు మీద వెయ్యమన్నడు. ఒళ్లో పెట్టుకుంట అంటె ఒప్పలే. నడిమిట్ల వాన పడ్డది. దిగేసరికి చీరెలకు నీళ్లు దిగినయి. ఇంటికొచ్చి మూట ఇప్పకముందే పెదనాయనతోని చెప్పిందంట, నా బండి నేనే కొంట అని. కొన్నది. కొత్తదేం కాదు, ఎవలో వాడి ఇడిచిపెట్టిన తెల్ల కారు, చిన్నది. మనిషి పొట్టి, సీటు మీద రెండు మెత్తలేసుకొని, చెప్పులు ఇడిచి నడిపేది. నేర్పినాయన రాయచూరు దిక్కు మనిషి, గేర్లు కన్నడంల చెప్పిండు. ఈమె గట్లనే పట్టుకున్నది. ఒందు, ఎరడు, మూరు అని పైకి అనుకుంటనే గేరు మార్చేది. నాల్కు దాక వచ్చి ఆగేది. ఐదో దాని పేరు ఆయన చెప్పలేదంట, అందుకని ఐదో గేరు ఎన్నడూ వెయ్యలే.

రివర్సు కూడ వేసేది కాదు. "ఎనకకు పోవుడు నాకు చేతకాదు బిడ్డా" అని, ఊరంత చుట్టు తిరిగన్న మళ్ల ముందుకే వచ్చేది. బండి యాడ ఆపినా ముందుకు పోయే తొవ్వ ఉన్నదా లేదా అని చూసి ఆపేది. గద్వాల గల్లీలల్ల ఆమె బండికి ఎదురుగ ఇంకో బండి వస్తె, వాడే ఎనకకు పోవాలె. పోకపోతె ఇంజను బంద్ చేసి రాట్నం తీసేది. నేను చూసిన, ఒక ఎరువుల లారీవాడు దండం పెట్టి మరీ ఎనకకు పోయిండు.

నవ్వులాటకు చెప్తున్నగని, ఆ బండి ఆమెకు షోకు కాదు. అప్పటిదాక నేసిన చీరెలన్నీ సేటుకిచ్చుడే. సేటు చీరెను వెలుతురుకు పట్టి చూసి, లేని మచ్చ చూపెట్టి, ధర కోసేటోడు. ఆయన చూస్తున్నంత సేపు చేతులు కట్టుకొని నిలబడాలె. బండి వచ్చినంక ఆ నిలబడుడు బంద్ అయింది. మల్దకల్ అనక, కోడేరు అనక, తెలకపల్లి అనక, యాడ లగ్గముంటె ఆడికి చీరెలు తీస్కపోయి, ఆ ఇంటి ఆడోళ్ల నడుమ సాప మీద కూసొని పరిచేది. "నా చీరెకు నేనే సేటును" అనేది. బండి పోతె ఆమెకు పోయేది గదే. మళ్ల సేటు ముందర చేతులు కట్టుకోవాలె.

ఆ బండికి ఇన్సూరెన్సు చేసింది నేనే. చేసినప్పుడు ఏజెంట్లందరం చెప్పే మాటనే నేనూ చెప్పిన. "ఏమైనా కంపెనీ చూసుకుంటది పెద్దమ్మా, నువ్వు నిమ్మళంగ ఉండు."

నాలుగేండ్ల కింద, ఎండకాలం పెండ్లిండ్లప్పుడు, తెలకపల్లిల ఒక రైతు ఇంట్ల లగ్గముండె. పెండ్లిపిల్లకు, పిల్ల తల్లికి చీరెలు పెద్దమ్మ కాన్నే చెప్పిండ్రు. లగ్గం తెల్లారితె అనంగ ఇయ్యనీకె పోతున్నది. నాకు ఆ ఊర్లనే ఒక పాలసీ పని ఉంటె వనపర్తిల ఎక్కిన. నాగర్‌కర్నూల్ దాటేదాక నాకు పెండ్లి మర్యాదల మీద పాఠం చెప్పింది. ఊర్లకు పోయినంక పందిరికి దూరంగ, వాలు దిగినకాడ, ముందుకు తొవ్వ ఉన్నదని చూసి బండి ఆపింది. ఇద్దరం లోపటికి పోయినం. చీరెలు పరిచింది. చాయ వచ్చింది. గప్పుడు ఇనబడ్డది చప్పుడు.

షామియానా సామానుతోని వచ్చిన ట్రాక్టరును వాలు మీద నిలబెట్టి, కింద రాయి పెట్టకుంటనే దిగిండట దాన్ని తెచ్చినాయన. ఇనుప గుంజల బరువుకు ట్రాక్టరు, ట్రాలీ రెండూ ఎనకకు జారినయి. జారి జారి పోయి పెద్దమ్మ కారు మీదికి ఎక్కినయి. మేం ఉరికొచ్చేసరికి ఎనక అద్దం నుంచి ముందు సీటు దాక చపాతి అయి ఉన్నది. గుంజలు పైకప్పుల నుంచి లోపటికి దిగినయి. దేవుని దయ, లోపట ఎవలూ లేకుండె. పెద్దమ్మ చుట్టు ఒకసారి తిరిగి చూసింది. ముందట సీటు కింద చెయ్యి పెట్టి తన రాట్నం బయటికి గుంజింది. దానికి ఏం కాలేదు.

ట్రాక్టరు తెచ్చినాయన పిల్లకు మేనమామ. తన సొంత ట్రాక్టరే, పొలం పనులు చేసుకునేది. దానికి ఇన్సూరెన్సు ఎప్పుడో అయిపోయింది, ఆయనకు లైసెన్సు ఎన్నడూ లేదు. కేసు పెడితె ఆ రాత్రి పోలీసులు తీస్కపోతరు. తెల్లారితె లగ్గం. మేనమామ లేకుంటె పిల్లను పందిట్లకు ఎత్తుకొచ్చేదెవలు? ఆయన తలకు చుట్టిన తువ్వాల తీసి పెద్దమ్మ కాళ్ల కాడ పెట్టిండు. లోపట గడప కాడ పెండ్లిపిల్ల నలుగుపసుపు మొఖంతోని నిలబడి చూస్తున్నది.

పెద్దమనుషులు కూసున్నరు. ఏదో ఒకటి చెప్పు అక్కా, నీ నోటి నుంచి వచ్చిందే మాట అన్నరు. పెద్దమ్మ తువ్వాల తీసి ఆయన భుజం మీద వేసింది.

"బండి ఇనుపది, కొట్టి సాపు చేసుకుంట. రేపు పిల్లను నువ్వే ఎత్తుకరా. నీ పైసలు నాకొద్దు. నాకు కంపెనీ ఉన్నది, మావోడు చెప్పిండు," అని నా దిక్కు చూపిచ్చింది. అందరు నన్ను చూసిండ్రు. నేను కూడ జర ఛాతీ పెద్దగ చేసిన, సిగ్గులేక.

మా దిక్కు రాజీ అయితె కాగితం రాసుడు ఆనవాయితి. రేపటినాడు మాట మారకుంట. నీ చేతిరాత బాగుంటది, నువ్వే రాయి అన్నరు. రాసిన. నాకు భూమి కాగితాల భాష అంటె మోజు. "ఇట్టి విషయమై ఎదుటివారిపై ఎట్టి కేసులు గాని ఎట్టి హక్కులు గాని కోరనని నా పూర్తి సమ్మతితో" అని ఎత్తుకున్న. ఇట్టి, ఎట్టి అని రాస్తుంటె నాకే ముద్దొచ్చింది. పెద్దమ్మ ఆసాంతం చదివి సంతకం పెట్టింది. ఆ ఇంటామె బొట్టు పెట్టి రవికెగుడ్డ పెట్టింది. తెల్లారి లగ్గం చూసి, అక్షింతలేసి, ఇద్దరం బస్సెక్కి వచ్చినం. కారును క్రేను మీద వనపర్తి షెడ్డుకు తెప్పిచ్చిన.

సర్వేయరు వచ్చిండు. కంపెనీ తరపున నష్టమెంతో చూసి రాసుకునేటాయన. మర్యాదస్తుడు, అమ్మా అమ్మా అనుకుంటనే అన్ని దిక్కులా ఫోటోలు తీసిండు. గుద్దినాయన మీద కేసు పెట్టినరా అని అడిగిండు. పెద్దమ్మ సంచిల నుంచి రాజీ కాగితం తీసి ఇచ్చింది. "కేసెందుకు సారూ, ఇదిగో, పెద్దమనుషుల సంతకాలు" అని. ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు ఫోటో తీసుకున్నడు. గప్పుడన్న నాకు అర్థం కావాలె. కాలే.

నెల తిరిగేసరికి కంపెనీ నుంచి చిట్టీ వచ్చింది. గద్వాల పోయి నేనే చదివి చెప్పిన. మీ కారును గుద్దినాయన కాన్నుంచి వసూలు చేసుకునే హక్కు కంపెనీకి ఉంటది, మీరు మమ్మల్ని అడగకుంట ఆయనతోని రాజీ పడి ఆ హక్కును పోగొట్టినరు, ఇది మీ తప్పు, కాబట్టి ఏం ఇయ్యం. గదీ సారాంశం. పెద్దమ్మ రాట్నం ఆపలే.

"నేను ఆయన్ను మాఫీ చేసిన. వీళ్లను ఎప్పుడు మాఫీ చేసిన?" అన్నది. కొంచెం సేపు తిప్పి, మళ్ల అన్నది. "తప్పు అని రాసిండ్రా? ఆ మాట ఉన్నదా?"

"ఉన్నది పెద్దమ్మా."

"ఆఫీసు యాడుంటది?"

అప్పటి నుంచి మంగళారం మంగళారం వచ్చేది. మంగళారం కొత్త పని మొదలుపెట్టరు గద అని మా అమ్మ అడిగితె, "నాది కొత్త పనా? పాత కొట్లాటనే" అన్నదంట. గద్వాల నుంచి పొద్దుగాల బస్సెక్కి, రాట్నం ఒళ్లో పెట్టుకొని వనపర్తి వచ్చి, ఆఫీసు తలుపులు తీసేసరికి మెట్ల మీద ఉండేది. లోపట ఏసీ గాలి తగిలే కాడ, గోడ పక్కన నేల మీద కూసొని, రాట్నం పెట్టి కండెలు చుట్టుడు మొదలుపెట్టేది. కుర్చీ చూపిస్తె వద్దనేది. కుర్చీల కూసుంటె చక్రం అందదు గద.

మొదటి వారమే సెక్యూరిటీ ఆయన వచ్చి, ఇక్కడ నూలు వడకకూడదమ్మా అన్నడు.

"వడుకుతలేను. చుడుతున్న. రెండిటికి తేడా తెల్వకుంటె అడుగు, చెప్త," అన్నది.

ఆయన పోయి మేనేజరును తెచ్చిండు. మేనేజరు కోస్తా దిక్కు మనిషి, మెత్తగ మాట్లాడుతడు. "అమ్మా, ఇది ఆఫీసు. మీ పని మీరు ఇంటి దగ్గర చేసుకోవాలి కదా" అన్నడు.

"మీ పని మీరు చేస్తుంటె నా పని నేను ఇంటికాడనే చేసుకుంటుంటి సారూ."

ఎనక బల్లల కాడ ఎవలో కిసుక్కున నవ్విండ్రు. మేనేజరు లోపటికి పోయి తలుపేసుకున్నడు. అప్పటి నుంచి ఆ ఆఫీసుల మంగళారం అంటె గిర్రు గిర్రుమని రాట్నం చప్పుడే. ఫోన్ల మాట్లాడేటోళ్లు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకొని మాట్లాడేటోళ్లు. పాలసీ కట్టనీకె వచ్చిన రైతులు ఏందమ్మా ఇది అని అడిగితె, దాచకుంట మొత్తం చెప్పేది. ఇని కొందరు కట్టేది కట్టకుంటనే పోయిండ్రు. నాల్గో వారానికి క్యాషియరు మేడం పోగు చిక్కు పడితె వచ్చి పట్టుకునుడు మొదలుపెట్టింది.

నాతోని మాత్రం ఆఫీసుల ఒక్క ముక్క మాట్లాడేది కాదు. నేను ఎదురుగ వచ్చినా, ఎవలో తెల్వనట్టు చూపు తిప్పుకునేది. నా మీద మస్తు కోపమున్నదనుకున్న. ఉండాల్సిందే అనుకున్న. అనుకొని, పక్కకు జరిగి కూసునేటోన్ని. అబద్ధమెందుకు, ఆమె మాట్లాడకపోతె నాకు హాయిగనే ఉండె. ఆ రాజీ కాగితం రాసింది నేనే అని ఆఫీసుల ఎవలకూ తెల్వదు. తెలిస్తె నా ఏజెన్సీ మిగలదు. తన కాడ పాలసీ తీసుకున్న పార్టీకి అట్లాంటి కాగితం తన చేతితోని రాసిచ్చిన ఏజెంటును ఏ కంపెనీ పెట్టుకుంటది?

ఈలోపు గద్వాలల చీరెలు మళ్ల సేటు కాడికి పోతున్నయి. పెద్దమ్మ పోలే, పెదనాయనను పంపింది. మాటలేని మనిషి, సేటు కోసినకాడికి తలూపి వచ్చేటోడు. ఆ సంగతి మా అమ్మ చెప్పింది. పెద్దమ్మ నోటి నుంచి నేను ఎన్నడూ ఇనలే.

దసరా దగ్గర పడ్డది. ఒక మంగళారం హైదరాబాద్ నుంచి పెద్దాఫీసరు వచ్చిండు. రాట్నం సంగతి ఆడిదాక పోయినట్టున్నది. పెద్దమ్మను లోపటికి పిలిచిండు, ఏజెంటునని నన్నూ పిలిచిండ్రు. నేను తలుపు కాడ ఫైలు పట్టుకొని నిలబడ్డ.

"అమ్మా, మీ సంగతి అంతా విన్నాను. మీకు న్యాయం చేయాలనే వచ్చాను. ఇదిగో, దీని మీద సంతకం పెట్టండి చాలు. క్లెయిము నేను చూసుకుంటాను," అన్నడు ఆయన. మంచిగనే అన్నడు.

పెద్దమ్మ కాగితం తీసుకొని అద్దాలు పెట్టుకున్నది. నెమ్మదిగ, పైకి చదివింది. "నేను చదువు రాని దానిని. రాజీ కాగితంపై ఇతరులు చెప్పగా తెలియక సంతకం చేసితిని." చదివి అద్దాలు తీసింది.

"నేను ఏడో తరగతి దాక చదివిన సారూ."

"అది పెద్ద విషయం కాదమ్మా. ఇలా రాస్తేనే పైన ఒప్పుకుంటారు."

"తెల్వక చెయ్యలే. తెలిసే చేసిన."

"సరే, పోనీ ఆ రాజీ కాగితం రాసిందెవరో చెప్పండి. అతని మాట విని మోసపోయాను అని రాసుకుందాం. అది కూడా సరిపోతుంది."

పెద్దమ్మ నా దిక్కు తిరగను గూడ తిరగలే.

"రాసిన చెయ్యి ఎవలదైతె ఏంది? మాట నాది," అన్నది. బల్ల మీదున్న పెన్ను తీసుకున్నది. తెలియక అన్న మాట కొట్టేసి, పైన తెలిసి అని రాసింది. చదువు రాని దానిని అన్నది కూడ కొట్టేసింది. కింద సంతకం పెట్టి కాగితం ఆయన ముందుకు జరిపింది.

"ఇది చెల్లదమ్మా."

"చెల్లకపోతె మీ కాడనే పెట్టుకోండ్రి. నేను వచ్చే మంగళారం వస్త."

బయటికొచ్చి రాట్నం సంచిల పెట్టుకొని మెట్లు దిగింది. పెద్దాఫీసరు నా మొఖం చూసిండు. "మీ పార్టీయే కదా. వెళ్లి నచ్చజెప్పండి. రేపటిదాకా ఉంటాను, తర్వాత ఈ ఫైలు మూసేస్తాను" అన్నడు.

బస్టాండుల దొరికింది. ఉడకబెట్టిన పల్లికాయ కొనుక్కొని, బెంచీ మీద కూసొని ఒలుచుకుంట తింటున్నది. పక్కన కూసున్న. నాల్గు నెలలకు మొదటిసారి నాకు పల్లికాయ చేతుల పోసింది.

"పెద్దమ్మా, ఒక్క మాట గద. రాసియ్యి. బండి వస్తది. సేటు పీడ పోతది. ఎవలు చదువుతరు ఆ కాగితం?"

"నేను చదివిన గద."

"కాగితం కోసం మొండికేస్తె ఎట్లా? నీకే గద నష్టం."

ఆమె పొట్టు దులుపుకొని నా దిక్కు తిరిగింది. "ఆ పొద్దు నువ్వు ఆడ్నే ఉన్నవ్. ఆ పిల్ల గడప కాడ నిలబడి చూసింది, నువ్వూ చూసినవ్. నేను తెల్వక చేసిన అని రాస్తె, ఆ పిల్ల లగ్గం నా పొరపాటుతోని అయినట్టు గాదా? నా బతుకుల నేను మంచిగ ఆలోచించి చేసిన పని గదొక్కటే బిడ్డా. దాన్ని కూడ తప్పని రాసియ్యమంటె ఎట్ల రాసిస్త?"

"అయితె నా పేరన్న చెప్పు. నేనే రాసిన గద. చెప్తె బండి వస్తది," అన్న. అన్నగని, లోపల వద్దు అనాలె అని మొక్కుకుంటున్న. నేను గసొంటోన్నే.

"చెప్తె నీ ఏజెన్సీ పోతది. నాది ఒకటి షెడ్డుల పడుకున్నది చాలదా? నువ్వు కూడ పోయి పక్కన పడుకుంటవా?" అన్నది. "అందుకే గద ఆడ నీతోని మాట్లాడకుంట ఉన్న. మాట్లాడితె పెద్దమ్మా అని నోరు జారుతవ్, సుట్టమా, ఆ దినం నువ్వు యాడున్నవ్ అని కూపీ తీస్తరు."

గద్వాల బస్సు వచ్చింది. సంచి చంకల పెట్టుకొని, ముందు తలుపు కాడ మొగోళ్లను పక్కకు జరుపుకుంట ఎక్కింది. నేను చేతుల పల్లికాయ పట్టుకొని చానా సేపు ఆడ్నే కూసున్న. నాల్గు నెలల సంది నేను కోపమనుకున్నది ఏందో అప్పుడు తెలిసింది నాకు. సిగ్గుతోని చెవులు కాలినయి.

లేచి ఆఫీసుకు పోయిన. పెద్దాఫీసరు, మేనేజరు చాయ తాగుతున్నరు. ఒప్పుకుందా అని అడిగిండ్రు.

"ఒప్పుకోలే. ఒప్పుకోదు," అన్న. "ఎవలకో ఒకలకు తెల్వకపోవాలె, అంతే గద సార్? నాకు తెల్వదు. రాసుకోండ్రి. ఆ రాజీ కాగితం నా చేతితోని నేను రాసిన. రాజీ పడితె క్లెయిము రాదని నాకు తెల్వదు. పన్నెండేండ్ల సంది మీ పాలసీలు అమ్ముతున్న, ఆ పాలసీ కాగితం ఒక్కనాడు గూడ మొదటి నుంచి ఆఖరు దాక చదవలే. ఏమైనా కంపెనీ చూసుకుంటది అని నేను చెప్తెనే ఆమె పైసలొద్దన్నది. ఆమె తెలిసే చేసింది. తెల్వనోన్ని నేను."

మేనేజరు కప్పు కింద పెట్టిండు. "ఏం మాట్లాడుతున్నావో తెలుసా" అన్నడు. తెలుసు అన్న. తెల్లకాగితం ఇయ్యమని అడిగి, అదే బల్ల మీద, అదే పెన్నుతోని మొత్తం రాసి సంతకం పెట్టిన. ఈసారి ఇట్టి, ఎట్టి ఏం పెట్టలే.

దీపావళి పోయినంక క్లెయిము పాసైంది. కొంత కోసుకున్నరుగని, బండి లేసి నిలబడనీకె సరిపోయింది. నా ఏజెన్సీ అంతకుముందే పీకిండ్రు. ఇంట్ల మా ఆమె చానా దినాలు నాకు చాయ గూడ పొయ్యలే. కోర్టు కాడ జిరాక్సు మిషన్ పెట్టుకున్న, ఇప్పటికీ గదే నడుపుతున్న. పెద్దమ్మకు నేనేం చెప్పలే. తెలిస్తె ఏమంటదో అని భయం.

క్యాషియరు మేడం చెప్పేసింది. బండి షెడ్డు నుంచి బయటికొచ్చిన దినమే మా ఇంటి ముందర హారను మోగింది. ఒకసారి కాదు, గల్లీ అంత బయటికొచ్చేదాక. పోయి చూస్తె ఆమె. కొత్త రంగు కారు, కండ్లల్ల నిప్పులు.

"ఏమయ్యా పాలసీ. నన్ను అడగకుంట నాకు మేలు చేసినవా? ఎవలు చెయ్యమన్నరు?"

నేను తల దించుకున్న.

"నువ్వు రాసింది నిజమా, అబద్ధమా? చదవలే అని రాసినవంట. నిజంగనే చదవలేదా?"

"నిజమే పెద్దమ్మా. ఎన్నడూ చదవలే."

ఆమె నన్ను కింది నుంచి మీది దాక చూసింది. "నిజమైతె సరే. అబద్ధమైతె ఈ బండి తీస్కపోయి ఆ ఆఫీసు మెట్ల మీద ఇడిచిపెట్టి వస్తుంటి," అన్నది. పక్క తలుపు తీసింది. "ఎక్కు."

ఎక్కిన. యాడికీ పోలే. ఇంజను బంద్ చేసి, ముందట అద్దం కింది డబ్బాల నుంచి పాలసీ కాగితాల కట్ట తీసి నా ఒళ్లో పెట్టింది. "చదువు. పైకి చదువు. తెలుగుల చెప్పుకుంట చదువు."

పొద్దు నడినెత్తికొచ్చింది. కారు అద్దాలు దించుకొని చదివిన. ఒక్కొక్క ముక్కకు ఆపి, ఇది ఎవలకు మేలు అని అడిగేది. చానా మట్టుకు కంపెనీకే అని చెప్పాల్సి వచ్చింది. మా ఆమె గుమ్మంలకొచ్చి చూసి, లోపటికి పోయి, రెండు గిలాసలల్ల మజ్జిగ తెచ్చిచ్చి మాట్లాడకుంటనే పోయింది. నాలుగో పేజీల దొరికింది, చీమ తలకాయంత అక్షరాలల్ల. మాకు చెప్పకుంట ఎదుటి పక్షంతోని రాజీ పడరాదు. చదివి ఆపిన.

"ఉన్నదా?" అన్నది.

"ఉన్నది పెద్దమ్మా."

"ముందుగాల చదివినా నేను గదే చేస్తుంటి." మజ్జిగ గిలాస పక్కకు పెట్టింది. "నువ్వు రాస్తుంటివా?"

నేను ఆ పేజీ మళ్ల ఒకసారి చూసిన. నా ఏజెన్సీ గుర్తుకొచ్చింది. తలకు తువ్వాల లేకుంట నిలబడ్డ ఆ మేనమామ గుర్తుకొచ్చిండు.

"రాస్తుంటి," అన్న.

"అయితె ఐదో పేజీ తిప్పు," అన్నది.